రాత్రి ఎక్కడ పడుకుంటాం?

బావగారు నా ముందు పెట్టిన కాగితంలో ఏడు రోజుల లద్దాఖ్ ఉంది. మొదటిరోజు విమానంలో లేహ్. రెండోరోజు ఖర్దుంగ్ లా. మూడోరోజు పాంగాంగ్ సరస్సు ఒడ్డున గుడారంలో బస. ఏ రోజు ఏం చూస్తామో, ఎన్ని కిలోమీటర్లు వెళ్తామో, ఏ పూట ఎక్కడ తింటామో అన్నీ పొందికగా రాసి ఉన్నాయి.

"బావగారూ, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో ఇందులో లేదండీ," అన్నాను.

"పడుకునే చోటుకు ఎత్తుతో పనేమిటోయ్? కొండ ఎక్కేది కారు కదా, మనం కాదుగా," అన్నారాయన.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు. పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసింది అంతా విజయవాడలోనే. తెలుగు నేల మీద అన్నిటికంటే ఎత్తైన శిఖరాలు తూర్పు కనుమల్లో ఉన్నాయి. అవి కూడా 1,700 మీటర్లకు అటూ ఇటూనే. లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే మన కొండ కొస మీద ఇంకో కొండ పెట్టినంత. ఢిల్లీలో విమానం ఎక్కిన మనిషి గంటన్నర లోపే అక్కడ దిగుతాడు. కాళ్లకు శ్రమ ఉండదు నిజమే. శ్రమంతా ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ మెదడుకూ ఉంటుంది.

పన్నెండేళ్ల కిందట నేనూ అలాంటి కాగితమే పట్టుకుని వెళ్లాను. నాతో వచ్చిన మిత్రుడు రోజూ పొద్దున పది కిలోమీటర్లు పరుగెత్తేవాడు. మా ఇద్దరిలో ఎవరికైనా ఇబ్బంది వస్తే అది నాకేనని అందరం అనుకున్నాం. రెండోరాత్రి అతనికి పొడిదగ్గు మొదలైంది. ధూళి పట్టిందన్నాడు. తెల్లారేసరికి కూర్చుని కూడా ఆయాసపడుతున్నాడు, గోళ్లు నీలంగా మారాయి. ఆసుపత్రిలో డాక్టరు గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టి, కుదుటపడ్డాక మొదటి విమానంలో కిందికి పంపారు. అతను కోలుకున్నాడు. కానీ కండబలం, ఆటల అలవాటు ఈ జబ్బును ఆపలేవన్న సంగతి ఆ రాత్రి నా మనసులో నాటుకుపోయింది.

అందుకే ఈసారి అక్కనూ బావగారినీ తీసుకెళ్లే ముందు ఒక నోటుపుస్తకం తీసి మూడు గళ్లు గీశాను. తేదీ, ఊరు, నిద్రపోయే ఎత్తు. ఏడు రోజులు కాస్తా ఇరవై నాలుగు రోజులయ్యాయి.

*

పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు. విజయవాడలోనూ లేహ్‌లోనూ గాలిలో ఆక్సిజన్ పాలు దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. మన నెత్తి మీదున్న గాలి బరువే ఒత్తిడి కాబట్టి, ఎత్తుకు వెళ్తే పైన మిగిలే గాలి తగ్గి ఒత్తిడీ తగ్గుతుంది. లేహ్‌లో అది సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 65 శాతం. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీద సగం కంటే కాస్త ఎక్కువ. ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి తోసేది ఆ ఒత్తిడే. తోసే బలం సన్నగిల్లితే, ఎంత నిండుగా పీల్చినా రక్తంలో చేరేది తక్కువ.

దీన్ని ప్రయోగాలతో తేల్చినవాడు ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్. ఆయన రోజుల్లోనే, 1875 ఏప్రిల్‌లో, జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు 8,000 మీటర్లు దాటి వెళ్లారు. దిగేసరికి వాళ్లలో టిసాండియే అనే అతను ఒక్కడే బతికి ఉన్నాడు. వాళ్ల దగ్గర ఆక్సిజన్ సంచులు ఉన్నాయి. అయినా అవసరమైనప్పుడు చేయి చాచి అందుకునే శక్తి లేకపోయింది. మత్తులా కమ్ముకొచ్చి, ప్రమాదంలో ఉన్నామన్న స్పృహనే ముందు తీసేస్తుంది ఆక్సిజన్ కొరత. ఎత్తైన చోట ఒంటరిగా ఉండకూడదని, తోటివాళ్ల మాట వినాలని చెప్పేది అందుకే. బెర్ట్ 1878లో వాతావరణ పీడనం మీద తన పెద్ద గ్రంథాన్ని ప్రచురించాడు.

శరీరం దీన్ని ఎలా ఎదుర్కొంటుంది? మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలే చోట, బియ్యపు గింజంత కణుపు ఒకటి ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని ముందు పసిగట్టేది అదే. వెంటనే ఊపిరి వేగం పెంచమంటుంది. వేగంగా ఊపిరి తీస్తే ఆక్సిజన్ కొంత పెరుగుతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఎక్కువగా బయటికి పోతుంది. అప్పుడు రక్తంలో ఆమ్లం తగ్గి క్షారం మొగ్గుతుంది. ఊపిరి తగ్గించమని మెదడు అంటుంది. ఒక కేంద్రం పెంచమంటే ఇంకొకటి తగ్గించమంటుంది. ఈ తగువు తీర్చేవి మూత్రపిండాలు. అవి రక్తంలోని బైకార్బొనేట్‌ను మూత్రంలో బయటికి పంపి క్షారాన్ని సరిచేస్తాయి. ఆ పని ఒక్క పూటలో అయ్యేది కాదు, రెండు మూడు రోజులు పడుతుంది. లేహ్‌లో దిగినవాళ్లను కనీసం 48 గంటలు కదలకుండా ఉండమనడం వెనక ఉన్నది ఈ లెక్కే. తొలిరోజుల్లో మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంటే కంగారు పడక్కర్లేదు. మూత్రపిండాలు పనిలో పడ్డాయన్నమాట.

రక్తం పెరగడం ఇంకా నిదానం. ఎర్రకణాలను పెంచే హార్మోను గంటల్లోనే ఎక్కువవుతుంది. కానీ మజ్జలో కణాలు తయారై, రక్తంలో లెక్కలోకి వచ్చేంతగా పెరగాలంటే వారాలు కావాలి. అందాకా శరీరం రక్తంలోని నీటి భాగాన్ని తగ్గించి, ఉన్న ఎర్రకణాలనే చిక్కబరుస్తుంది. ఆక్సిజన్ తగ్గిందని ఒక్కో కణం ఎలా గుర్తిస్తుందో తేల్చినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ సర్దుబాటుకు సమయం ఇవ్వకపోతే వచ్చేవి మూడు. మొదటిది తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం. పైకి వెళ్లిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలై, అక్కడే ఆగితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. రెండోది మెదడు వాపు. మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది, చెప్పింది అర్థం కాదు. మూడోది నా మిత్రుడికి వచ్చినది. ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ఆక్సిజన్ తగ్గినప్పుడు బిగుసుకుంటాయి. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. బిగుసుకోని వాటి మీద ఒత్తిడంతా పడి, నీరు గాలితిత్తుల్లోకి కారుతుంది. ఎక్కువగా రెండోరాత్రి మొదలవుతుంది. ఈ ఎత్తుల్లో ప్రాణాలు తీసేవాటిలో దీనిదే పెద్ద వాటా.

ఈ జబ్బు గురించి ప్రపంచానికి తెలిసినదానిలో మన సైనిక డాక్టర్ల కృషి చిన్నది కాదు. హిమాలయ సరిహద్దుకు పంపిన 1,925 మంది సైనికులను పరిశీలించి ఇందర్ సింగ్ బృందం రాసిన పత్రం 1969లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కింది నుంచి ఒక్కసారిగా పైకి చేర్చిన జవాన్ల బాధల్లోంచి వచ్చిన జ్ఞానం అది. ఇవాళ మనం వినోదానికి వెళ్తూ దాన్ని పక్కన పెట్టేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

*

మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పర్వత వైద్యులు చెప్పే సూత్రం ఇదే. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చామన్నదాని కంటే రాత్రి ఎక్కడ తల వాల్చామన్నది ముఖ్యం. ఎందుకంటే నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. అదీగాక ఒకే ఎత్తులో గంటల తరబడి గడిపేది రాత్రే.

ఈ సూత్రాన్ని పటం మీద పరిస్తే దారి తానే తేలింది. శ్రీనగర్ (1,585 మీటర్లు) రెండు రాత్రులు. సోనామార్గ్ ఒక రాత్రి, 2,700 దరిదాపుల్లో. జోజి లా దాటి కార్గిల్, అదీ దాదాపు అంతే ఎత్తు. మర్నాడు 4,108 మీటర్ల ఫోతు లా ఎక్కి దిగి, 3,100 దగ్గరున్న ఆల్చిలో బస. ఆ తరువాతే లేహ్. విమానం ఎక్కించే ఎత్తుకే చేరాం, కాకపోతే ఐదు రాత్రుల మెట్లెక్కి చేరాం. లద్దాఖీ భాషలో 'లా' అంటే కనుమ, 'త్సో' అంటే సరస్సు. కనుమలన్నీ పగలు దాటి, రాత్రికి లోయలోకి దిగిపోవడమే ఈ దారిలోని అందం.

లేహ్‌లో నాలుగు రాత్రులయ్యాక నుబ్రా. దీని గురించి కాస్త చెప్పాలి. నుబ్రాకు వెళ్లాలంటే ఖర్దుంగ్ లా ఎక్కాలి. అక్కడి బోర్డు చాలా ఏళ్లు 18,380 అడుగులని చెప్పింది, అసలు ఎత్తు దానికి దాదాపు ఎనిమిది వందల అడుగులు తక్కువ. తక్కువైనా అది ఎవరెస్టు బేస్ క్యాంపుతో సమానం. పది పదిహేను నిమిషాలకు మించి అక్కడ నిలబడకుండా అవతలికి దిగిపోతే, నుబ్రాలోని దిస్కిత్ 3,150 మీటర్లే. లేహ్ కంటే తక్కువ! పగలు ఎత్తుకు, రాత్రి పల్లానికి. శరీరానికి అంతకంటే మంచి కసరత్తు లేదు.

చాలామంది నుబ్రా నుంచి ష్యోక్ నది దారిలో తిన్నగా పాంగాంగ్ వెళ్లిపోతారు. 3,150 నుంచి 4,250కి ఒక్క పగలు. మేము మధ్యలో 3,950 దగ్గర తాంగ్‌త్సేలో ఒక రాత్రి ఆగాం. అప్పటికే లేహ్ ఎత్తుకు అలవాటు పడి ఉన్నాం కాబట్టి, మాకు పెరిగింది 450 మీటర్లే.

ఆ తరువాత నోటుపుస్తకంలో నాలుగో గడి చేర్చాను. 'దిగే దారి.' ఈ జబ్బులన్నిటికీ మొదటి మందు కిందికి దిగడమే. కానీ కొండల్లో దిగడమంటే ముందు ఎక్కాల్సి రావచ్చు. పాంగాంగ్‌లో అర్ధరాత్రి ఒంట్లో బాగోలేకపోతే, లేహ్‌కు వెళ్లే దగ్గరి దారి 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా మీదుగా పోతుంది. ఊపిరందని మనిషిని ఇంకో వెయ్యి మీటర్లు పైకి తీసుకెళ్లడమన్నమాట. అదే మా తరువాతి మజిలీ హాన్లే పాంగాంగ్ కంటే ఎంతో దూరం. లేహ్‌కు 250 కిలోమీటర్ల పైమాటే. అయినా అక్కడి నుంచి దారి హాన్లే నది వెంట లోమాకు, అక్కణ్నుంచి సింధునది వెంట న్యోమా, చుమాథాంగ్, ఉప్షీల మీదుగా పోతుంది. నీళ్లు ఎటు పారితే అటే దారి కాబట్టి పెద్ద కనుమ ఏదీ అడ్డురాదు. పటం మీద దగ్గరగా కనిపించేది ప్రమాదకరం కావచ్చు, దూరంగా కనిపించేది నయం కావచ్చు. పాంగాంగ్‌లో ఒక్క రాత్రే ఉండి, హాన్లేలో మూడు రాత్రులు ఉండడానికి సగం కారణం ఇది.

మిగతా సగం ఆకాశం. అక్కడి కొండ మీద 4,500 మీటర్ల ఎత్తున భారతీయ ఖగోళ భౌతికశాస్త్ర సంస్థవారి వేధశాల ఉంది. పలచని, పొడి గాలి మనిషిని ఎంత ఇబ్బంది పెడుతుందో టెలిస్కోపుకు అంత మేలు చేస్తుంది. నక్షత్రాల వెలుగుకు అడ్డొచ్చే నీటి ఆవిరి అక్కడ చాలా తక్కువ. రెండు మీటర్ల అద్దమున్న చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గర హోస్కోటే నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. అంటే చూసే కన్ను పైన, చూసే మనిషి కింద. పక్కనే 21 మీటర్ల వ్యాసమున్న మేస్ గామా కిరణాల టెలిస్కోపు. భాభా అణు పరిశోధన కేంద్రం వారికి దాని నిర్మాణంలో తోడ్పడినది మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఆ పేరు వినగానే బావగారు ఆ పళ్లెం వైపు చేతులు కట్టుకుని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

*

హాన్లేలో మేమున్న ఇంటావిడ అక్కకు వంటిల్లు ఒక పూట అప్పగించింది. రోజుల తరబడి థుక్పా, మోమో తిన్న ప్రాణాలకు పప్పన్నం మీదకు మనసు పోయింది. అక్క కందిపప్పు గిన్నెలో పడేసి స్టవ్ మీద పెట్టింది. నీళ్లు కళపెళా మరుగుతున్నాయి. ముప్పావుగంటైనా పప్పు పలుకే.

"మంట సరిపోవట్లేదేమోరా తమ్ముడూ," అంది.

మంట పెంచినా లాభం లేదు. ఒత్తిడి తగ్గితే నీళ్లు మరిగే వేడి తగ్గుతుంది. హాన్లేలో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగే నీటిని అంతకు మించి వేడెక్కించలేం, మంటంతా ఆవిరి చేయడానికే పోతుంది. పప్పు మెత్తబడాలంటే ఆ వేడి చాలదు. ఇంటావిడ నవ్వి, గూట్లోంచి కుక్కర్ తీసి ఇచ్చింది. కుక్కర్ బరువు బయటి ఒత్తిడి మీద ఇంకో వాతావరణమంత ఒత్తిడిని చేరుస్తుంది. విజయవాడలో అది లోపల 120 డిగ్రీలకు తెస్తే, హాన్లేలో 113 దాకా తెస్తుంది. మా ఇంట్లో నాలుగు విజిళ్లకు ఉడికే పప్పుకు అక్కడ తొమ్మిది పట్టింది. లద్దాఖ్ ఇళ్లలో కుక్కర్ సోకు కాదు, అవసరం.

ఆ రాత్రి రెండింటికి అక్క నన్ను తట్టి లేపింది. "ఒరేయ్, మీ బావగారు ఊపిరి ఆపేస్తున్నార్రా."

టార్చి పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. నాలుగైదు నిండు శ్వాసలు తీస్తున్నారు. తరువాత అంతా నిశ్శబ్దం. లెక్కపెట్టాను, పదకొండు అంకెలు. మళ్లీ ఒక్క ఎగశ్వాసతో మొదలు. అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. ముందు చెప్పిన తగువే ఇది. వేగంగా ఊపిరి తీయడంతో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గి, ఊపిరి తీయమనే సంకేతం ఆగుతుంది. ఈలోపు ఆక్సిజన్ పడిపోయి మెడలోని కణుపు మళ్లీ తట్టి లేపుతుంది. ఎత్తైన చోట చాలామందికి నిద్రలో ఇలా జరుగుతుంది. ఒక్క ఇదే అయితే ప్రమాదం కాదు. అయినా ఆయన్ను లేపాను. తలనొప్పి ఉందా, దగ్గు వస్తోందా అని అడిగాను. లేదన్నారు. గది చివర తివాచీ అంచు వెంట, మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయమన్నాను. తూలకుండా తిన్నగా నడిచారు. చేతులు వెచ్చబరచి వేలికి ఆక్సీమీటర్ పెడితే 86 చూపించింది. చల్లని వేలికి పెడితే అది తప్పు చూపిస్తుంది. ఆ ఎత్తున, అన్ని రోజులు అలవాటు పడ్డాక, ఆ అంకెకు భయపడక్కర్లేదు.

"ఆ డబ్బాలు కొనాల్సిందోయ్," అన్నారు దుప్పటి కప్పుకుంటూ. లేహ్ బజారులో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాల గురించి. పది లీటర్లని రాసి ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే ఐదు నిమిషాల్లో ఖాళీ. అది చేతిలో ఉందన్న ధైర్యంతో దిగాల్సిన మనిషి దిగకపోవడమే దానితో వచ్చే నష్టం. కర్పూరం వాసన చూడడం కూడా అంతే. అమర్‌నాథ్, కైలాస యాత్రలకు వెళ్లే మనవాళ్లు కొంగుకు మూటగట్టి తీసుకెళ్తారు. ముక్కులో చల్లదనం తగిలి ఊపిరి ఆడుతున్నట్టు అనిపిస్తుంది కానీ రక్తంలో ఆక్సిజన్ పెరగదు. నోట్లో మాత్రం వేసుకోకూడదు, అది విషం. నిజంగా పనిచేసేది అసిటజోలమైడ్ మాత్ర. మూత్రపిండాలు చేసే పనినే తొందరగా చేయిస్తుంది. ముందు జాగ్రత్తకు సాధారణంగా ఇచ్చేది పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. వేళ్లు తిమ్మిర్లెక్కడం, సోడా రుచి చప్పబడడం దాని గుణాలే. నిద్రమాత్రలు, మద్యం రెండూ ఊపిరిని ఇంకా నెమ్మదింపజేస్తాయి, దగ్గరికి రానివ్వకండి.

*

వ్యవధి లేనివాళ్ల సంగతేమిటని నన్ను చాలామంది అడుగుతారు. వారం రోజులే ఉంటే పాంగాంగ్ వదిలేయండి. లేహ్‌లో రెండు రోజులు ఊరికే ఉండి, ఆల్చి వైపు దిగి, నుబ్రా చూసి వచ్చేయండి. అది తక్కువ యాత్ర కాదు. కేదార్‌నాథ్ విషయంలోనూ నా మాట అదే. గౌరీకుండ్ 1,980 మీటర్లు, గుడి 3,580 మీటర్లు. ఒక్కరోజులో 1,600 మీటర్లు ఎక్కి ఆ రాత్రి అక్కడే పడుకునే మన పెద్దవాళ్లు ఎందరో. హెలికాప్టరైతే అదే ఎత్తు నిమిషాల్లో. ముందు ఒకటి రెండు రాత్రులు గుప్తకాశీలోనో గౌరీకుండ్‌లోనో ఆగమని ఇంటిల్లిపాదీ పట్టుబట్టాలి.

విమానంలో వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. లేహ్ నుంచి విమానాలు ఎక్కువగా పొద్దున్నే లేస్తాయి. ఎండెక్కితే పలచని గాలి ఇంకా పలచబడి రెక్కలకు పట్టు దొరకదు, లోయలో ఈదురుగాలి మొదలవుతుంది. ఒక పొద్దు తప్పితే మర్నాడే. దారిలో వాగులదీ పొద్దుటి లెక్కే. రాత్రి గడ్డకట్టిన మంచు మధ్యాహ్నానికి కరిగి, పొద్దున మోకాటి లోతున్న వాగు సాయంత్రానికి కారును ఆపేస్తుంది. అందుకే మా ఇరవై నాలుగు రోజుల్లో రెండింటికి ఊరి పేరు రాయలేదు. ఒకటి కొండచరియ పడి దారి మూసుకున్నప్పుడు పోయింది. ఇంకొకటి దారిలోని కోర్జోక్ ఊళ్లో అక్క ఇంకో రోజు ఉందామన్నందుకు వాడుకున్నాం.

తిరుగుదారి మనాలి మీదుగా. ఇదే దారిలో అటు నుంచి వచ్చేవాళ్లు 2,050 మీటర్ల మనాలిలో బయల్దేరి ఆ రాత్రికే 4,290 మీటర్ల సర్చూలో పడుకుంటారు. గుడారాల మధ్య తల పట్టుకుని కూర్చున్న కుర్రాళ్లను అక్కడ చూశాం. ఒకరికి వాంతులు ఆగడంలేదు. రాత్రికి రాత్రే జిస్పాకు దిగిపొమ్మని వాళ్ల డ్రైవరుకు బావగారే చెప్పారు, నోటుపుస్తకం తెరిచి ఎత్తులు చూపిస్తూ. వాళ్లు దిగారు. అదే రోడ్డు, అదే గుడారం. వాళ్లకు అది మొదటి రాత్రి, మాకు ఇరవై రెండోది.

మనాలిలో సామాను విప్పుతుంటే అక్క సంచిలోంచి ఒక ఖాళీ నీళ్ల సీసా బయటపడింది. కోర్జోక్‌లో, 4,550 మీటర్ల ఎత్తున, తాగేసి మూత బిగించి పెట్టింది. రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయి, ఎవరో పిడికిట్లో పట్టి పిసికినట్టుంది. బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మూత తిప్పారు. గాలి బుస్సున లోపలికి పోయి, సీసా టక్కుమని మళ్లీ నిండుగా నిలబడింది.